ఒక మాటకు ఒక మాట చాలునా?

మన పాఠశాలలలో ఆంగ్లము చదువు పిల్లల నోటుపుస్తకమును తెఱచి చూచినచో రెండు వరుసలు కనబడును. ఎడమ ప్రక్కన ఆంగ్లపదములు, కుడి ప్రక్కన వాని తెలుగు అర్థములు, నడుమ ఒక నిలువుగీత. ఒక మాటకు ఎదురుగా ఒక మాట కుదిరినచో ఆ మాట వచ్చినట్లే లెక్క. పుస్తకము, కుర్చీ, ఏనుగు, వాన వంటి మాటలకు ఈ లెక్క చాలవఱకు సరిపోవును. కదలికను తెల్పు క్రియాపదములయొద్దకు వచ్చుసరికి మాత్రము తప్పుచున్నది. తప్పుచున్నదన్న సంగతి విద్యార్థికి తెలియకపోవుట అంతకంటె విచారింపదగిన విషయము.

అట్టి మాట నొక్కదానిని తీసికొని ఈ సంగతిని పరిశీలింతము. అది ‘లర్చ్’ అను ఆంగ్లపదము. ఇది శాస్త్ర పరిభాష కాదు, పండితుల మాట కాదు. కథలలోను, ప్రయాణ వర్ణనలలోను, వార్తాపత్రికలలోను కనబడు చిన్న మాట. పట్టు తప్పి, హఠాత్తుగా, ఒక ప్రక్కకో ముందునకో కలుగు బరువైన కదలికను ఆంగ్లేయులు ఈ మాటతో చెప్పుదురు. కెరటము తగిలి ప్రక్కకు వాలిన ఓడకు ఈ మాట చెల్లును. డ్రైవరు క్లచ్‌ను తటాలున వదలినప్పుడు ముందునకు ఎగిరిపడు బస్సునకు చెల్లును. వీధి నడుమనుండి గోడమీదికి పోయి పడు త్రాగుబోతునకును చెల్లును.

ఈ మాటకు కుడి ప్రక్కన ‘తూలుట’ అని వ్రాసికొన్న విద్యార్థిని ఊహింపుడు. త్రాగుబోతు విషయమున అతని అర్థము సరియే. కాని బస్సు తూలునా? బస్సు తూలినదన్నచో తెలుగు తెలిసినవారు నవ్వుదురు. బస్సు కుదుపుతో ముందునకు దూకును. ఓడ ఒక ప్రక్కకు ఒరుగును. దీనికి ఎదురుదిశలో వచ్చు చిక్కు ఇంకొకటి కలదు. రాత్రి మేలుకొని, మఱునాడు బడిలో కునికిపాట్లు పడు పిల్లవాడు నిద్రతో తూలుచున్నాడని మనము చెప్పుకొందుము. మన విద్యార్థి ఈ వాక్యమును ఆంగ్లములోనికి మార్చుచు, పిల్లవాడు బల్లమీద ‘లర్చ్’ అగుచున్నాడని వ్రాయును. చదివిన ఆంగ్లేయునకు పిల్లవాడు కునుకుచున్నట్లు తోచదు. వెనుకనుండి ఎవరో త్రోయగా బల్లమీదినుండి పడబోవుచున్నట్లు తోచును. ఉపాధ్యాయుడు ఆ వాక్యమును ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. విద్యార్థి తన నోటుపుస్తకమును తిరుగవేసి చూచును. అందు వ్రాసినట్లే తాను వ్రాసినాడు. చేసిన తప్పేమో అతనికి తెలియదు. తెలిసికొను మార్గమును ఆ నోటుపుస్తకమున లేదు.

ఈ చిక్కునకు కారణము విద్యార్థి సోమరితనము కాదు. రెండు భాషలు ఒకే అనుభవమును వేర్వేఱు విధముల పంచుకొనుటయే కారణము. ఆంగ్లము కదలికను, ఆ కదలిక తీరును తఱచుగా ఒకే క్రియలో ఇమిడ్చిపెట్టును. ఎటు కదలినదన్న సంగతిని ప్రక్కన ఒక చిన్న మాటతో చెప్పును. తెలుగు సాధారణముగా అట్లు చేయదు. మనము కదలికను క్రియతో చెప్పి, అందలి ఆకస్మికత్వమును వేఱొక మాటతో చెప్పుదుము. తటాలున, చటుక్కున, గబుక్కున, దిగ్గున, దభాలున అను మాటలు ఇందులకే ఏర్పడియున్నవి. ‘బస్సు తటాలున ముందునకు దూకినది’, ‘పడవ చటుక్కున ఎడమ ప్రక్కకు ఒరిగినది’, ‘అతడు పట్టు తప్పి గోడమీదికి తూలినాడు’. ఈ మూడు వాక్యములకును ఆంగ్లమున ‘లర్చ్’ అను ఒక్క క్రియ చాలును. తెలుగున మూడు క్రియలు కావలెను. వానికి తోడుగా తటాలున, చటుక్కున, పట్టు తప్పి అను మాటలును కావలెను. కావున ‘లర్చ్’ అను పదమునకు తెలుగు అర్థము ఒక పదము కాదు, ఒక చిన్న వాక్యము. దానిని ఒక్క మాటలోనికి కుదించుట వలననే అనర్థము కలుగుచున్నది.

దీనిని బట్టి మన భాష పేదదని యెవరైన తలంచినచో అది పొరపాటు. నిలుకడ తప్పిన కదలికలను తెల్పుటకు తెలుగున ఎన్ని మాటలు కలవో చూడుడు. తూలుట వేఱు, తూగుట వేఱు, ఊగుట వేఱు. తప్పటడుగు వేయునది పసిబిడ్డ. తొట్రుపడునది తొందరలోనో భయములోనో ఉన్నవాడు. తడబడునది కాలు కావచ్చును, నాలుక కావచ్చును. ఒరుగునవి పడవ, గోడ, చెట్టు. కుదుపు బండిది, అదురు నేలది, గుండెది. తొణకునది కుండలోని నీరు. అదియే అంచు దాటి క్రింద పడినప్పుడు ఒలుకును. నిండుకుండ తొణకదను సామెత అందఱకును నోటికి వచ్చును. తొణకుటకును ఒలుకుటకును భేదమేమని అడిగినచో ఎందఱు విద్యార్థులు తడువుకొనకుండ చెప్పగలరు? కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమను సామెతయందు శరీరపు కదలికయే నడవడికి పాఠమైనది. ఈ సంపద చేతిలో లేని విద్యార్థి ఆంగ్లపదమునకు ఎదురుగా దేనిని నిలుపగలడు? మన పిల్లలకు ఆంగ్లము రాకపోవుటకు గల కారణములలో తెలుగు చాలినంత రాకపోవుట యొకటి యని నా అభిప్రాయము.

ఆంగ్లమునందును ఇట్టి కుటుంబమే కలదు. ‘స్టాగర్’ అనునది ముఖ్యముగా అడుగులకు సంబంధించినది. దెబ్బతిన్నవాడో, మోయలేని బరువు నెత్తిన పెట్టుకొన్నవాడో పడబోవుచు, పడక, అటునిటు అడుగులు వేయుట. ‘టాటర్’ అనునది బలహీనుని నడక. పసిబిడ్డకు, ముదుసలికి, పునాది కదలిన గోడకును చెల్లును. ‘స్టంబుల్’ అనగా కాలికి ఏదో తగిలి ముందునకు తూలుట. ‘రీల్’ అనగా తల తిరిగి గింగిరాలు కొట్టుట. నూలు చుట్టు సాధనమునకు గల పేరునుండియే ఈ క్రియ పుట్టినదని భాషావేత్తల యభిప్రాయము. దారపు రీలును ఎఱిగిన మన పిల్లలకు ఈ సంగతి ఒకసారి చెప్పిన చాలును, మఱవరు. ‘స్వే’ అనగా గాలికి వరిచేను ఊగినట్లు మెల్లగా, పలుమాఱు ఊగుట. ‘జోల్ట్’ అనగా చక్రము రాతిమీది కెక్కినప్పుడు తగులు కుదుపు. వీని నడుమ ‘లర్చ్’ స్థానము స్పష్టముగా గోచరించును. అది హఠాత్తుగా జరుగును; బరువైనదై యుండును; కదలువాని యదుపులో నుండదు. పడిపోవుట మాత్రము దాని యర్థమున చేరలేదు. ‘లర్చ్’ అయినవాడు పడనువచ్చును, నిలద్రొక్కుకొననువచ్చును.

ఈ మాట చరిత్రయును తరగతిలో చెప్పదగినదే. కదలికను తెల్పు ‘లర్చ్’ నావికుల వాడుకనుండి వచ్చినది. గాలి వీచు ప్రక్కనుండి రెండవ ప్రక్కకు ఓడ హఠాత్తుగా ఒరుగుటను వారు ‘లీ లర్చ్’ అనెడివారు. 18వ శతాబ్ది చివర కనబడు ఈ మాట 19వ శతాబ్దిలో ఓడ దిగి నేలమీదికి వచ్చి, బండ్లకును మనుష్యులకును అన్వయించినది. ఇక కష్టకాలమున ఒకనిని ఒంటరిగా విడిచిపోవుటను ఆంగ్లేయులు ‘లర్చ్‌లో విడుచుట’ అందురు. మనము నట్టేట విడుచుట అందుము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన చూచిన తెలుగు విద్యార్థి, ఆంగ్లేయుల నుడికారమును ఓడకు సంబంధించినదే యని ఊహించుట సహజము. కాని ఆ ‘లర్చ్’ వేఱు. 16వ శతాబ్దిలో ఫ్రెంచివారు ఆడిన ‘లూర్ష్’ అను పాచికలాటనుండి అది వచ్చినది. ఆటలో మిక్కిలి వెనుకబడి, గెలుపు ఆశ లేనివాడు లర్చ్‌లో పడినవాడు. పొంచియుండి వేటాడు ‘లర్చర్’ అను కుక్క పేరు మూడవ వంశమునకు చెందినది. వ్రాతలో ఒక్కటియే, పుట్టుకలో మూడు. నోటుపుస్తకపు కుడి వరుసలో ఇట్టి సంగతికి చోటు దొరకునా?

మాట దేహమునుండి మనస్సునకును, మనస్సునుండి లోకవ్యవహారమునకును ప్రాకుట అన్ని భాషలలోను కలదు. దుర్వార్త విన్నవాని గుండె ‘లర్చ్’ అయినదని ఆంగ్లకథకుడు వ్రాయును. అట్టిచోట మన గుండె తూలదు, ఒరుగదు, గుభేలుమనును. ఒక ప్రభుత్వము ఒక సంక్షోభమునుండి మఱియొక సంక్షోభమునకు ‘లర్చ్’ అగుచున్నదని పత్రికలు వ్రాయును. చుక్కాని పట్టువాడు లేని నావవలె ఒక ఆపదనుండి తప్పుకొనుచు ఇంకొక ఆపదమీదికి ఒరిగిపోవుచున్నదని దాని భావము. నావికుల వాడుకనుండి వచ్చిన మాట యని ముందే తెలిసిన విద్యార్థికి ఈ భావము ఎవరును చెప్పకుండనే స్ఫురించును.

ఇంత చర్చకు ఈ చిన్న మాట తగునా యని కొందఱు ఉపాధ్యాయమిత్రులు ప్రశ్నింపవచ్చును. పల్లెటూరి బడిలో చదువు పిల్లవానికి ‘లర్చ్’ ఎందులకు? ప్రశ్న న్యాయమైనదే. 1930లో సి. కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీషు’ను రూపొందించెను. ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, బెంగాలీ పిల్లల ఆంగ్లపఠనమును పరిశీలించిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 మాటల పట్టికను ప్రకటించెను. తొలి తరగతులలో అట్టి నిత్యావసరమైన మాటలే నేర్పవలెననుటలో నాకు భేదాభిప్రాయము లేదు. ఆఱవ తరగతి పిల్లవానిచే ‘లర్చ్’ను వల్లె వేయించుట వ్యర్థము. అయితే విద్యార్థి తనంతట తాను కథలు చదువబూనినప్పుడు ఇట్టి మాటలు ఎదురగును. వానిని అందుకొను విధానము అప్పటికే అలవడి యుండవలెను. నా వాదము ఈ ఒక్క మాట కొఱకు కాదు, క్రొత్త మాటను అందుకొను పద్ధతి కొఱకు. ‘రన్’, ‘టేక్’, ‘గెట్’ వంటి మిక్కిలి సామాన్యములైన క్రియలకును ఒక మాటకు ఒక మాట యను లెక్క కుదురదు. ఆ చిక్కు ఆరంభ దశలోనే ఎదురగును.

రెండవ యాక్షేపణ వేఱొక దిక్కునుండి వచ్చును. ఆంగ్ల తరగతిలో తెలుగు వినబడనేరాదు, వస్తువును చూపియో అభినయించియో అర్థమును బోధింపవలెను అని కొందఱి వాదము. ‘లర్చ్’ విషయమున అభినయము మేలైన సాధనమే. ఉపాధ్యాయుడు నడచుచు నడచుచు తటాలున ప్రక్కకు ఒరిగి చూపినచో పిల్లలు నవ్వుదురు, జ్ఞాపకముంచుకొందురు. కాని చూచిన పిల్లవాడు దానిని ‘స్టాగర్’ అనియు భావింపవచ్చును, ‘స్టంబుల్’ అనియు భావింపవచ్చును, మాస్టారికి కన్ను తిరిగినదనియు భావింపవచ్చును. ఒక మాటకును ఇంకొక మాటకును నడుమ పొలిమేర గీయుటకు మాటలే కావలెను. పిల్లవాని మనస్సులో తెలుగు ఎట్లును ఉన్నది. గురువు దానిని తరగతిలోనికి రానీయకున్నచో అది బజారులో అమ్ము గైడు పుస్తకముగుండ దొడ్డిదారిన వచ్చును. దొడ్డిదారిన వచ్చినది నిలువుగీతను వెంటబెట్టుకొనియే వచ్చును.

గిడుగు రామమూర్తి పంతులుగారిని ఈ సందర్భమున స్మరింపవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన వారు సవర భాషను పుస్తకమునుండి నేర్వలేదు. సవరలు మాట్లాడుచుండగా విని, ఏ సందర్భమున ఏ మాట వాడుదురో కనిపెట్టి నేర్చిరి. పిమ్మట 1931లో ఆ భాషను గూర్చి ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి, నిఘంటువులను కూర్చిరి. సందర్భము ముందు, అర్థము తరువాత, నిఘంటువు చిట్టచివర. మన బడులలో ఈ క్రమము తలక్రిందులైనది. అర్థము ముందు వచ్చును; సందర్భము పెక్కుసారులు రానే రాదు.

నిఘంటుకర్తలను ఇందులకు తప్పుపట్టరాదు. 1852లో వెలువడిన బ్రౌను తెలుగు–ఆంగ్ల నిఘంటువును తెఱచి చూడుడు. ఒక్కొక్క మాటకు పలు అర్థములు, వాడుకలు, ఉదాహరణములు కనబడును. ఆంగ్లమును పరభాషగా నేర్చువారి కొఱకు నిఘంటువు ఎట్లుండవలెనో పిదప ఏ. ఎస్. హార్న్‌బీ చూపెను. జపానులో ఆంగ్లము బోధించిన ఆయన, సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో అచటనే వెలువడినది; 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయము దానిని ప్రచురించెను. మాట వాక్యములో ఎట్లు ఇముడునో చూపుట ఆ నిఘంటువు ప్రత్యేకత. ఆంగ్లబోధన పద్ధతుల కొఱకు మన హైదరాబాదులోనే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడి, తరువాత విశ్వవిద్యాలయముగా పెరిగినది. ఇంత కృషి జరిగినను బడిపిల్లల నోటుపుస్తకములోని నిలువుగీత చెక్కుచెదరలేదు. నేడు హార్న్‌బీ నిఘంటువు వంటివి చేతిలోని ఫోనునందే దొరకును. అయినను విద్యార్థి తఱచుగా వెదకునది దానిని కాదు. ఆంగ్లపదము వ్రాసి తెలుగు పదము అడుగును; క్షణములో ఒక మాట వచ్చును. గీత కాగితమునుండి తెఱమీదికి మారినది, అంతియే.

మఱి ఏమి చేయవలెను? ఖర్చులేని పని యొకటి కలదు. కదలికను తెల్పు మాట ఎదురైనప్పుడు తరగతిలో నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. కదలినది ఏది, మనిషియా, బండియా, నీరా? కదలిక ఒక్కసారి కలిగినదా, పలుమాఱు కలిగినదా? ఎటు కదలినది? ఇష్టముతో కదలినదా, అదుపు తప్పి కదలినదా? విద్యార్థులు పాఠములోని వాక్యమును చూచి జవాబులు తామే చెప్పవలెను. పిదప ఆ మాటను కాక, ఆ వాక్యమును మొత్తముగా తెలుగున చెప్పవలెను. ఒకడు ‘ఒరిగినది’ అనును. ఒకడు ‘కుదిపినది’ అనును. ఇంకొక బాలిక తన యింట అమ్మమ్మ వాడు మాట చెప్పును. శ్రీకాకుళపు మాట, రాయలసీమ మాట, తెలంగాణపు మాట అచట తెలుగు మాటలుగా సమాన గౌరవము పొందవలెను. ఏది ఎచట అమరునో పిల్లలు వాదించుకొందురు. ఆ పావుగంటలో ఆంగ్లపదము వారి వశమగును. బడిలో ఎన్నడును వినబడని తెలుగు మాటలు నాలుగు వెలుగు చూచును.

ఏబదిమంది పిల్లలున్న తరగతిలో, పాఠ్యప్రణాళిక వెనుకనుండి తరుముచుండగా, ఒక మాటకు పావుగంట ఎక్కడిదని అడుగువారు ఉందురు. ప్రతి మాటకు ఇంత శ్రమ అక్కఱలేదు. పాఠమునకు ఒకటి చాలును. పద్ధతి అలవడిన విద్యార్థి తక్కినవానిని తానే సాధించుకొనును. విద్యార్థులు సైతము తమంతట తాము చేయదగిన పని యున్నది. నోటుపుస్తకములో నిలువుగీతను మానివేయుడు. మాట కనబడిన ఆంగ్లవాక్యమును పూర్తిగా వ్రాసి, దాని క్రింద మీ తెలుగు వాక్యమును వ్రాయుడు. వారమునకు ఐదు మాటలు ఇట్లు వ్రాసినను, ఏబది మాటల జాబితాకంటె అవి ఎక్కువ కాలము నిలుచును. పరీక్షలలోను పదమును విడిగా ఇచ్చి అర్థము అడుగుటకు బదులు, వాక్యములో ఉంచి అడుగుట మంచిది. పరీక్ష ఎట్లు అడుగునో బడి అట్లే నేర్పును గదా.

ఆంగ్లమాధ్యమమా, తెలుగుమాధ్యమమా యను వివాదము మనయెడ ముగియలేదు. వీలైనచోట కనీసము ఐదవ తరగతి వఱకు మాతృభాషలో బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. తల్లిదండ్రులలో అనేకులు ఆంగ్లమాధ్యమమునే కోరుచున్నారు. ఆ వివాదమును తీర్చుట ఈ వ్యాసమునకు మించిన పని. మాధ్యమమేదైనను, ఇంట తెలుగు మాటలాడు పిల్లవాడు ఆంగ్లపదమును తన తెలుగు అనుభవముతోనే సరిపోల్చుకొనును. ఆ తెలుగు బలముగా నున్నచో పోలికయు తెలియును, భేదమును తెలియును.

ఇంటిలో ఆంగ్లము వినబడు పిల్లవానికి ‘లర్చ్’ను బడిలో ఎట్లు నేర్పినను పెద్ద నష్టము లేదు, వాడుకలో వినివిని తానే సరిదిద్దుకొనును. ఇంటిలో మొదటిసారి బడి మెట్లెక్కిన రైతుకూలి బిడ్డకు అట్టి అవకాశము లేదు. ఆ బిడ్డకు బడియే ఆధారము. అట్టివారి చేతిలో నిలువుగీతకు కుడిప్రక్కన ఒక్క మాటను మాత్రము పెట్టి పంపినచో, ఆంగ్లేయుల మాటలో వారిని లర్చ్‌లో, మన మాటలో నట్టేట విడిచినవారమగుదుము. ఉపాధ్యాయులు ఇందుకు ప్రభుత్వపు ఉత్తరువుల కొఱకు ఎదురుచూడ నక్కఱలేదు. రేపటి పాఠములో ఎదురగు మొదటి క్రియాపదముతో ఈ ప్రయత్నమును ఆరంభింపవచ్చును.